మొదటి కట్టు

ఎల్లాజీ మంచం దగ్గరికి డాక్టర్ ప్రత్యూష వెళ్ళడం లేదు.

ఆపరేషన్ చేసింది ఆమే. మనిషి బతికి బయటపడ్డాడు. ఐసీయూ నుంచి వార్డుకు వచ్చి, ఇడ్లీ తిని, చట్నీ బాగాలేదని కూడా అన్నాడు. అయినా ఆమె అటు రాదు. ఎక్స్‌రేలు తన గదిలో కంప్యూటర్ మీద చూస్తుంది. మందులు ఫోన్‌లో చెబుతుంది. జూనియర్లను పంపుతుంది. వైద్యంలో ఏ లోటూ లేదు, వైద్యురాలు మాత్రం లేదు.

నేను మత్తు డాక్టర్ని. పేరు పరాంకుశం. ఆపరేషన్ గదిలో నా కుర్చీ రోగి తల దగ్గర ఉంటుంది. సర్జన్లు రోగి లోపల ఏముందో చూస్తుంటారు, నేను సర్జన్ల మొహాలు చూస్తుంటాను. మాస్కు పైన కళ్ళే కనిపిస్తాయి కాని అవి చాలు. ఈ కథలో నా పాత్ర కూడా అంతే, చూడటం.

మా ఊరు ఉత్తరాంధ్రలో సముద్రం ఒడ్డున ఉంది. మా ఆసుపత్రిని ఒకప్పుడు క్షయ రోగుల కోసం కట్టారు. ఇప్పుడు ఊపిరితిత్తులకు ఏ జబ్బు చేసినా చుట్టుపక్కల వాళ్ళంతా ఇక్కడికే వస్తారు. దాన్ని ఇంతదాకా తెచ్చిన మనిషి డాక్టర్ గంధం దైవసహాయం గారు.

ఆయన చేరిన రోజుల్లో ఛాతీ ఆపరేషన్ అంటే వీపు నుంచి పక్క దాకా మూరెడు కోత. పక్కటెముకల మధ్య ఇనుప పరికరం పెట్టి విడదీసేవారు. జబ్బు పోయేది, నొప్పి మిగిలేది. కొందరికి చెయ్యి భుజం దాటి లేచేది కాదు. దైవసహాయం గారు అలాంటివి వందల కొద్దీ చేశారు. చేసి చేసి, జుట్టు నెరుస్తున్న వయసులో, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి ఆపరేషన్ చేసే పద్ధతి నేర్చుకుంటానని కూర్చున్నారు. అప్పట్లో మా అందరికీ అది పెద్ద వేళాకోళం. తలుపు కన్నంలోంచి గరిటె పెట్టి పక్కింట్లో వంట చేస్తానన్నట్టుందని అన్నది నేనే.

ఆయన ఒక అట్టపెట్టెకు మూడు కన్నాలు పెట్టారు. లోపల సగానికి విప్పిన సీతాఫలం ఉంచారు. పాత టీవీలో చూసుకుంటూ, పొడుగాటి పరికరాలతో, గుజ్జు చెదరకుండా గింజలు ఒక్కొక్కటే బయటికి తీసేవారు. సీతాఫలాల కాలం పోయాక దానిమ్మలు. ఆ రోజుల్లో మా డ్యూటీ గదిలో పళ్ళకు కొదవ ఉండేది కాదు. తర్వాత మనుషులకు చేయడం మొదలుపెట్టారు. ఆపరేషన్ అయినవాళ్ళు వారం తిరక్కుండా చొక్కా తొడుక్కుని, సంచీ తామే పట్టుకుని ఇంటికి పోతుంటే మేం నోళ్ళు మూసుకున్నాం.

ఆ విద్య ఆయన చాలామందికి నేర్పారు. నిజంగా వచ్చింది మాత్రం ప్రత్యూషకే. ఆయనకు ఏళ్ళు పట్టింది ఆమెకు ఒక్క వానాకాలంలో పట్టుబడింది. కోయంబత్తూరు వెళ్ళి ఇంకొంత నేర్చుకుని తిరిగి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె చేతిలో ఒక్క ఛాతీ కూడా కోత దాకా పోలేదు.

ఇది బయటివాళ్ళకు అర్థం కాదు కనుక చెప్పాలి. రంధ్రాల్లోంచి మొదలుపెట్టిన ఆపరేషన్ ఒక్కోసారి అలా సాగదు. ఊపిరితిత్తి గోడకు అతుక్కుపోయి ఉంటుంది, లేకపోతే ఏదో నాళం చిట్లుతుంది. అప్పుడు కెమెరా పక్కన పెట్టి, పాత పద్ధతిలో కోసి తెరవాలి. అది తప్పని ఏ పుస్తకంలోనూ లేదు. కాని సర్జన్ల సంగతి వేరు. వాళ్ళు క్యాంటీన్‌లో కూర్చుని, "ఫలానావాడికి తెరవాల్సి వచ్చిందట" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు, ఎవరింట్లోనో పెళ్ళి తప్పిపోయినట్టు. ప్రత్యూష ఆ మాట ఎప్పుడూ పడలేదు. ఢిల్లీలో జరగబోయే సర్జన్ల సభకు ఆమెను పిలిచింది కూడా అందుకే. ఇంతకాలం తెరవకుండా ఎలా చేయగలిగిందో చెప్పమన్నారు.

పైగా ఆ ఏడాది దైవసహాయం గారు రిటైరవుతున్నారు. ఆయన కుర్చీ ఆమెదేనని మాకందరికీ తెలుసు.

ఇక ఎల్లాజీ. మైలపల్లి ఎల్లాజీ మా రేవులో చేపల వేలం పాడతాడు. పడవలు ఒడ్డుకు చేరగానే గంపలు దిగుతాయి, కొనేవాళ్ళు మూగుతారు, కాకులూ కుక్కలూ మోటారు బళ్ళూ అన్నీ ఒకేసారి అరుస్తాయి. ఆ గోలంతటికీ పైన వినిపించే గొంతు అతనిది. ఒక చేత్తో చేపను తల మీదికెత్తి, రెండో చెయ్యి ఊపుతూ పాట పెంచుతాడు. ఎప్పుడో కుర్రతనంలో వచ్చిన క్షయ నయమైపోయింది కాని, పోతూ పోతూ కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక బొరియ మిగిల్చి పోయింది. అందులో బూజు పట్టింది. ఒకరోజు వేలం మధ్యలో దగ్గు తెర వచ్చి, ఎత్తిపట్టుకున్న వంజరం మీద రక్తం పడింది. పాడుకున్నవాడు ఆ చేప నాకొద్దన్నాడు. ఎల్లాజీ నీళ్ళతో కడిగి మళ్ళీ పాట పెట్టాడట. వాళ్ళావిడ పోలమ్మ రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చింది.

మళ్ళీ దగ్గితే ఎంత రక్తం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఊపిరితిత్తిలో ఆ పై ముక్క తీసేయాలి. ప్రత్యూష అతని మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, వేళ్ళతో చూపించి చెప్పింది.

"మూడు చిల్లులు, అంతే ఎల్లాజీ. కొన్నాళ్ళు ఓపిక పడితే మళ్ళీ నీ పాట నువ్వు పాడుకోవచ్చు."

"మా బావకి కోసినారండి, వేరే ఊళ్ళో," అన్నాడు. "ఇప్పటికీ సెయ్యి పైకెత్తలేడు. నాను సెయ్యెత్తకపోతే పాటెవుడింటాడండి? కొయ్యరు గదా?"

"కొయ్యను."

దైవసహాయం గారు అప్పుడు పక్క మంచం దగ్గర ఉన్నారు. తల తిప్పి ఆమె వంక చూశారు.

ఆపరేషన్ నాడు లోపల చూస్తే సిమెంటు పోసినట్టుంది. పాత క్షయ ఊపిరితిత్తిని గోడకు అతికించేసింది. ఆమె ఆ మూడు రంధ్రాల్లోంచే పొర వెంట పొర విడదీసుకుంటూ పోయింది. ఎంత ఓపికో చూస్తేనే తెలుస్తుంది. చాలాసేపయ్యాక నేను, "తెరుద్దామా అమ్మాయ్?" అన్నాను. "ఇంకొంచెం" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ "ఇంకొంచెం" అంది.

ఉన్నట్టుండి కెమెరా తెర మొత్తం ఎర్రబడింది.

ఆమె అరవలేదు. కర్రకు చుట్టిన గుడ్డతో చిట్లిన చోట నొక్కిపట్టింది. తెర తేటపడింది. కొద్దిగా వదిలి చూసింది, మళ్ళీ ఎర్రబడింది. మళ్ళీ నొక్కింది. అప్పుడు తల ఎత్తి నా వంక చూసింది. నేను రక్తం సీసాలు తగిలిస్తున్నాను.

"ప్రెషర్ ఎంత?"

చెప్పాను. చెప్పదగ్గ అంకె కాదు.

"కత్తి ఇవ్వండి సిస్టర్," అంది, అన్నంలోకి ఉప్పు అడిగినంత మామూలుగా.

నేను చాలా ఛాతీలు తెరవడం చూశాను. కంగారులో తెరిచినవి, కోపంలో తెరిచినవి, ఆలస్యమైపోయాక తెరిచినవి. ఇలాంటిది చూడలేదు. ఎడమ చేత్తో లోపల నొక్కిపట్టిన గుడ్డను సహాయకుడికి అప్పగించింది. ఒక్క గీత గీసినట్టు కోసింది. ఎముకలు విడదీసింది. నేరుగా ఆ నాళం మీద వేలు పెట్టింది. అంతా ఆగిపోయింది. నేను కబురు పెడితే దైవసహాయం గారు గబగబా వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. అప్పటికే ఆమె ముడి వేస్తోంది. ఆయన చేతులు కడుక్కోలేదు, దేన్నీ ముట్టుకోలేదు. ఆమె భుజం మీంచి కాసేపు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. చెడిపోయిన ముక్క ఆమే తీసింది, ఆమే కుట్టింది.

ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్ళి, "నా సర్వీసులో ఇంత బాగా తెరిచిన ఛాతీ చూడలేదమ్మా" అన్నాను.

"తెరిచాను కదా," అంది. నా మాటల్లో ఆమెకు వినపడింది అదొక్కటే.

తర్వాత నెమ్మదిగా, "మొదటే తెరిస్తే నాళం చిట్లేది కాదేమో. లేకపోతే ఇంకొంచెం ఓర్చుకుంటే తెరవకుండానే అయిపోయేదేమో," అంది. ఈ రెండింట్లో ఏదో ఒకటి అనుకోవాలి గాని రెండూ ఒకేసారి అనుకుంటోంది. సాయంత్రానికల్లా ఢిల్లీ వాళ్ళకు రాలేనని చెప్పేసింది. నాకు నిజంగా జాలేసింది. మనిషిని బతికించి, పరీక్ష తప్పిన పిల్లలా కూర్చుంది.

వార్డుకు ముఖం చాటేయడం అప్పట్నుంచీ మొదలైంది. తెరవాల్సి వచ్చిందని ఎల్లాజీకీ పోలమ్మకీ చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు.

నేను ఊరుకోలేక దైవసహాయం గారి గదికి వెళ్ళాను. ఆయన పెరుగన్నం తింటున్నారు.

"సార్, ఆ అమ్మాయి ఎల్లాజీ దగ్గరికి వెళ్ళడం లేదు. మీరొక మాట చెప్పండి."

"ఏమని?"

"తెరవడం తప్పు కాదని."

"ఆ సంగతి తనకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసిందే మళ్ళీ చెబితే నన్ను చూసి కూడా తప్పించుకు తిరుగుతుంది," అని మజ్జిగ పోసుకున్నారు.

మా వార్డులో ఒక ఆచారం ఉంది. దైవసహాయం గారు పెట్టిందే. ఆపరేషన్ తర్వాత మొదటి కట్టు నర్సులు విప్పరు, జూనియర్లు విప్పరు. కోసినవాళ్ళే వచ్చి విప్పాలి. ఎంత పెద్ద డాక్టరైనా సరే, ఎంత పని ఉన్నా సరే. వార్డులో పాతబడిన రోగులు కొత్తవాళ్ళకు ఇదే చెబుతారు, రేపు నీ కట్టు విప్పే చెయ్యే నిన్ను కోసిన చెయ్యి అని.

ఎల్లాజీ కట్టు విప్పాల్సిన రోజు వచ్చింది. వార్డు సిస్టర్ మేరీరత్నం ప్రత్యూషకు ఫోన్ చేసింది. వస్తున్నానంది. మళ్ళీ చేసింది. ఓపీలో ఉన్నానంది. మధ్యాహ్నం చేస్తే ఫోన్ ఎత్తలేదు. సిస్టర్ ఏం చేయాలో తోచక దైవసహాయం గారికి చెప్పింది.

ఆయన వచ్చారు. చొక్కా చేతులు మడిచి, చేతులు కడుక్కుని, గ్లవుజులు వేసుకుని ఎల్లాజీ పక్కన కూర్చున్నారు. ఎండి అతుక్కుపోయిన దూదిని నీళ్ళతో తడుపుతూ, నొప్పి తెలియకుండా కొద్దికొద్దిగా విప్పారు. నేను అప్పుడు అదే వార్డులో, వీపులో పెట్టిన నొప్పి మందు గొట్టం చూసుకోవడానికి వచ్చి ఉన్నాను.

పోలమ్మ ఫోన్‌తో ఫొటో తీసి మొగుడికి చూపించింది. ఎల్లాజీ చాలాసేపు చూశాడు.

"ఇదేటి బాబూ? మూడు సిల్లులన్నారు గదా. ఇది పడవకి మాసికేసినట్టుంది."

"తెరవాల్సి వచ్చిందయ్యా," అన్నారు దైవసహాయం గారు.

"మీరేనా కోసింది?"

ఆయన పాత దూది పళ్ళెంలో వేసి, కొత్తది అందుకున్నారు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. కట్టు విప్పుతున్న చెయ్యి ఎవరిదో వార్డంతా చూస్తూనే ఉంది.

"ఆ మేడమ్ గారు సేత్తారనే ఒప్పుకున్నాం," అంది పోలమ్మ. "మజ్జిన మీరెందుకొచ్చినారు బాబూ?"

"నొప్పి బాగా ఉందా?" అని అడిగారు ఎల్లాజీని.

"ఉండకేటి? దగ్గితే పేనం పోతంది."

"ఉంటుంది. మందు పెంచుతారు," అని నా వంక చూసి లేచారు.

వరండాలో మేరీరత్నం ఆయన్ని ఆపింది. "సార్, కోసింది మీరు కాదు కదా."

"పాత కట్టు అలా వదిలేస్తే చీము పడుతుంది మేరీరత్నం. ఎవరో ఒకరు విప్పాలి కదా."

నా వైపు తిరిగి, "నువ్వు కూడా నోరు మెదపకు," అన్నారు.

ఆ తర్వాత జరిగింది చూడటానికి నాకు చాలా కష్టమైంది. రెండు పూటలు గడిచేసరికి ఆసుపత్రంతా ఒక మాట పాకిపోయింది. అమ్మాయి చక్కగా చిల్లులతో చేసుకుంటుంటే, ముసలాయన మధ్యలో దూరి, పాత అలవాటు కొద్దీ బారున కోసేశాడట. రిటైరయ్యే వయసులో చాదస్తం అట. రోగుల చుట్టాలు అనుకున్నారు, వార్డు బాయ్‌లు అనుకున్నారు, నిన్న గాక మొన్న చేరిన జూనియర్లు కూడా అనుకున్నారు. ఏ మనిషి అయితే పళ్ళ గింజలు ఏరుతూ కళ్ళు పాడుచేసుకుని ఈ విద్యను ఈ ఊరికి తెచ్చాడో, ఆయనకే అది రాదని పేరు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు మెదపకన్నారు కనుక మెదపలేదు.

ఆయన మాత్రం రోజూ పొద్దున్నే ఎల్లాజీ దగ్గరికి వెళ్ళేవారు. మంచం పక్కన గొట్టం, దాని కింద సీసా చూసేవారు. లోపల మిగిలిన గాలీ నీరూ ఆ గొట్టంలోంచే బయటికి వస్తాయి. మిగిలిన ఊపిరితిత్తి విచ్చుకుని గాలితో పూర్తిగా నిండేదాకా దాన్ని తీయరు. తర్వాత అతన్ని గోడ దగ్గర నిలబెట్టి, కుడి చేతి వేళ్ళు గోడ మీద కొంచెం కొంచెంగా పైకి పాకించేవారు. ఎల్లాజీ పళ్ళు బిగబట్టి పాకించేవాడు, గొణుక్కుంటూ తిట్టేవాడు. పెద్దవాడు కదా అని గట్టిగా తిట్టలేడు, అలాగని మింగలేడు. దైవసహాయం గారికి అవన్నీ వినపడేవి. "ఇంకొక్క బెత్తెడు" అనేవారు, అంతే.

ప్రత్యూష సంగతి దాచకుండా చెబుతాను. సార్ కట్టు విప్పారని తెలిసినప్పుడు ఆమె ముందు ఊరట పడింది. నేను చూశాను. రెండు మూడు రోజులు కాస్త భోజనం కూడా చేసింది.

ఆ తర్వాత క్యాంటీన్‌లో ఒక జూనియర్ ఆమె ఎదురుగా కూర్చుని, మెప్పు కోసం కాబోలు, "ఇంకేం మేడమ్, మీ పేరు చెక్కుచెదరలేదు. కోసింది పెద్దాయనే అని అందరికీ తెలుసు. ఢిల్లీకి నిక్షేపంగా వెళ్ళొచ్చు," అన్నాడు.

ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. అతను ఇంకేదో అంటుండగానే లేచి వచ్చేసింది.

తిన్నగా దైవసహాయం గారి గదికే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. నన్ను చూసి కూడా ఆగలేదు.

"సార్, మీరు కోశారని అందరూ అనుకుంటున్నారు."

"విన్నాను."

"కోసింది మీరు కాదు కదా సార్."

"కాదు."

"మరి మీరెందుకు..." అని ఆగిపోయింది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నీకు అక్కర్లేదని వదిలేశావు కదమ్మా. నేను తీసుకున్నాను. జీవితమంతా కోశాను గాని అంత మంచి కోత నాకు ఒక్కటి కూడా పడలేదు. వెళ్ళిపోయే ముందు నా పేరున ఒకటి ఉంటే బాగుంటుందనుకున్నాను."

ఆయన నవ్వుతూ అనలేదు. నిజంగా ఆశపడిన మనిషిలాగే అన్నారు. ప్రత్యూష ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. తలుపు వేయడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

నేను ఆయన వంక చూశాను. "నీకు వార్డులో పని లేదూ?" అన్నారు.

ఉందనుకున్నాను. నొప్పి మందు గొట్టం ఎలాగూ చూడాలి.

నేను వెళ్ళేసరికి ఆమె ఎల్లాజీ మంచం దగ్గరికి చేరింది. అతను ఆమెను చూడగానే, పుట్టింటి మనిషి కనిపించినట్టు లేచి కూర్చున్నాడు.

"ఇప్పుడొచ్చినారా మేడమ్ గారూ! సూడండి, ఆ ముసలాయన నన్నెలా సేసీసినాడో. మీరయితే కోసుందురా?"

"నేనే కోశాను ఎల్లాజీ."

అతను అర్థం కానట్టు చూశాడు. "పెద్దాయన గదండీ కట్టిప్పింది?"

"నేను రాకపోతే ఆయన విప్పారు. కోసింది నేను. ఆయన నిన్ను ముట్టుకోనే లేదు."

పక్క మంచం ఆయన పేపరు దించాడు.

"కొయ్యనన్నారు గదమ్మా," అంది పోలమ్మ మెల్లిగా.

"అన్నాను. అలా మాటివ్వకుండా ఉండాల్సింది. లోపల అంతా అతుక్కుపోయి ఉంది. విడదీస్తుంటే నాళం చిట్లింది. రక్తం ఆగలేదు. కొయ్యకపోతే ఆ బల్ల మీదే పోయేవాడివి." ఒక్క క్షణం ఆగింది. "నీకు తెలివి రాగానే వచ్చి ఇదంతా నేనే చెప్పాలి. రాలేదు."

"ఏల రానేదు?"

"నీకు మొహం చూపించలేక."

ఎల్లాజీ, దగ్గు వచ్చినప్పుడు నొప్పికి చేసినట్టే, దిండు తీసుకుని కుడి పక్కకు అదుముకున్నాడు. అదుముకుని మొదలుపెట్టాడు.

"ఆ ముసలాయన్ని అన్నేసి మాటలంటినే! పొద్దున లేచి ఆయన మొహం సూసి తిట్టినాను! ఆయన నా సెయ్యి అట్టుకుని గోడెక్కించినాడు, నాను ఆయన్ని తిట్టుకున్నాను! ఏ పాపం ఎరగనోడ్ని నా సేత తిట్టించీసినారు గదమ్మా! కోత్తే కోసినారు, నా పేనం కోసమే కోసినారు, ఆ మాటొచ్చి సెప్పడానికేటి? నానేటి మిమ్మల్ని కొరికేత్తానా?"

అది మాట్లాడటం కాదు. రేవులో పాట పెంచే గొంతు. ఇన్నాళ్ళు పెద్దాయన ముందు బిగబట్టుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది. వరండాలో వాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చేశారు. మేరీరత్నం పరుగెత్తుకొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ప్రత్యూష కదల్లేదు. తల దించుకోలేదు, సర్దిచెప్పబోలేదు. అతను ఎంతసేపు తిట్టాడో అంతసేపూ నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

చివరికి అలిసిపోయి, "కూకోండి," అన్నాడు.

కూర్చుంది. అతను అటు తిరిగి వీపు చూపించాడు.

"కోసి కుట్టినారు గాని ఒక్కసారన్నా సూసినారా ఎలాగుందో? సూడండి."

ఆమె కట్టు విప్పి చూసింది. భుజం ఎముక కింద నుంచి పక్క దాకా సన్నగా, తిన్నగా, శుభ్రంగా మానుతోంది. చివరన ఒక కుట్టు దగ్గర వేలు ఆనించి నొప్పా అని అడిగింది. కాదన్నాడు. ఆమె చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

పోలమ్మ లేచి వచ్చి కొంగుతో ఆమె మొహం తుడిచింది. "ఊరుకో అమ్మా. ఆడికి నోరెక్కువ. బతికున్నాడు గదా, తిట్టనీ."

మేమిద్దరం కలిసి తిరిగి వచ్చాం. దైవసహాయం గారు తన గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"చెప్పేశాను సార్," అంది ప్రత్యూష.

"తిట్టాడా?"

"తిట్టాడు."

"గట్టిగానేనా?"

ఆమె తల ఊపింది. "సైకిల్ స్టాండు దాకా వినపడి ఉంటుంది సార్," అన్నాను నేను.

దైవసహాయం గారి మొహం విచ్చుకుంది. ఆపరేషన్ నాడు ఆమె భుజం మీంచి చూస్తున్నప్పుడు కూడా ఆ కళ్ళలో అంత సంతోషం నేను చూడలేదు.

"అయితే ఊపిరితిత్తి పూర్తిగా నిండిందన్నమాట," అన్నారు. "రేపు గొట్టం తీసెయ్యమ్మా."